ఊ కొట్టిన అతిథి

యాంకర్ గుడ్డ తీశాడు. పళ్ళెం ఖాళీగా ఉంది.

చప్పట్లు కొట్టడానికి చేతులు లేపిన ప్రేక్షకులు అలాగే ఉండిపోయారు. మూడు కెమెరాలూ పళ్ళెం మీదే ఉన్నాయి. యాంకర్ గుడ్డ ఒకసారి దులిపాడు. పళ్ళెం ఎత్తి కిందకి తొంగి చూశాడు. ఇన్నేళ్ళుగా ఎదుటివాళ్ళ నోట మాటలు రాబట్టి పేరు తెచ్చుకున్న మనిషికి ఆ రోజు తన నోరే పెగల్లేదు.

పళ్ళెంలో ఉండాల్సింది బంగారు పతకం. ముప్ఫై ఏళ్ళ కిందట పడవ మునిగినప్పుడు ముగ్గురు పిల్లల్ని ఏట్లోంచి బయటికి లాగినందుకు టీచరమ్మకి ప్రభుత్వం ఇచ్చిన పతకం. టీచరమ్మ ఎదురు కుర్చీలోనే ఉంది. కళ్ళజోడు పెట్టె రెండు చేతుల్తో పట్టుకుని నేలకేసి చూస్తోంది.

"అయ్యో పాపం, పెద్దావిడకి ఎంత కష్టం వచ్చింది!" అని ముందు వరసలో ఒకావిడ కళ్ళొత్తుకుంది.

మూడు నలభైకి పోలీసులొచ్చారు. స్టేషన్ పక్క వీధిలోనే.

వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మని స్టేషన్లో చాటుగా 'నస' అంటారు. ఆవిడకీ తెలుసు, పట్టించుకోదు. ప్రశ్న మీద ప్రశ్న వేసి, ఎదుటివాడు "నేనే చేశాను తల్లీ, నన్నొదిలెయ్" అనేదాకా ప్రాణం తోడేస్తుందని ఆ పేరు.

"తలుపులు మూయించారా?"

"మూయించాను మేడమ్," అన్నాడు యాంకర్. షో ఆయనదే. ఊళ్ళో అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. "ఒక్కళ్ళు కూడా బయటికి పోలేదు."

"పళ్ళెం ఇంతసేపూ ఎక్కడుంది?"

"మేకప్ రూమ్‌లో. గుడ్డ కప్పి పెట్టాం. బ్రేక్ అవగానే తెచ్చి ఇక్కడ పెట్టాం."

"బ్రేక్ ఎప్పుడు?"

"మూడూ పది నుంచి మూడూ పాతిక."

"మేకప్ రూమ్‌లో ఎవరుంటారు?"

"మేకప్ అక్క."

అంతే. ఇంకో ప్రశ్న వెయ్యలేదు ఇన్‌స్పెక్టర్. నస అని పేరున్న మనిషి, సరిగ్గా అడగాల్సిన చోట నోరు కట్టేసుకుంది.

"ఏమ్మా, నువ్వేనా మేకప్? నీ సంచి తీసుకురా."

స్టేజీ మీద వెలుతురు బాగుందని సంచిని అక్కడే, గాజు బల్ల మీద, వందమంది చూస్తుండగా బోర్లించారు. పౌడర్ డబ్బాలు దొర్లాయి. బ్రష్షులు, స్పాంజీలు, సగం తిన్న టిఫిన్ బాక్సు, నడుం నొప్పికి రాసుకునే ట్యూబు. టిఫిన్ మూత ఊడి బల్లంతా మసాలా నూనె పారింది. ప్రేక్షకుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

మేకప్ అక్క యాభై దాటిన మనిషి. అరిగిపోయిన చెప్పులు. ఏడవలేదు. "పక్క జేబులు కూడా ఉన్నాయమ్మా, చూడండి," అంది.

చూశారు. ఏమీ లేదు.

ఇన్‌స్పెక్టర్‌కి తల కొట్టేసినట్టయింది. కానీ యూనిఫామ్ వేసుకున్నాక ఆ సంగతి బయటపెట్టకూడదనుకుంటారు కదా, ఆవిడా అంతే. "సరే, లోపల కూర్చో. అడుగుతాను," అని గొంతు పెంచింది.

యాంకర్ ఊరుకోవచ్చుగా. "అక్కా, పతకం దొరికేదాకా నువ్వు రేపట్నుంచి రావద్దులే," అన్నాడు.

అప్పుడు అక్క మొహం తెల్లబోయింది. మేకప్‌కి కూర్చునేవాళ్ళు మెళ్ళో గొలుసు, చేతి గడియారం తీసి ఆవిడ చేతిలో పెట్టి కళ్ళు మూసుకుంటారు. ఆ నమ్మకం మీదే ఆ బతుకు. దొంగ అన్న మాట ఒకసారి అంటుకుంటే, ఆ తర్వాత కడిగినా ఒకటే కడగకపోయినా ఒకటే, ఏ స్టూడియో గుమ్మం తొక్కనివ్వరు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు.

*

"బ్రేక్‌లో నువ్వెక్కడున్నావ్?"

"స్టేజీ మీద. బాబాయ్‌గారికి టచప్ చేస్తున్నాను. బ్రేకంతా అక్కడే."

"సాక్ష్యం?"

"ఆయన మొహమే సాక్ష్యం. చెమట పడితే ఆగదు ఆయనకి. అడగండి."

అడిగింది. నిజమే. బ్రేక్ మొత్తం అక్క ఆయన ముందే నిలబడింది. మరి ఆ మాట సంచి తెరవకముందు ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరు అడగలేదు కదా మేడమ్," అన్నాడు యాంకర్.

ఆ మాట ఇన్‌స్పెక్టర్‌కి ముల్లులా దిగింది. పైకి మాత్రం, "అయితే గది ఖాళీగా ఉంది. ఎవరైనా పోవచ్చు. పతకం ఎవరు తెచ్చారు ఇంటి నుంచి?" అంది.

తెచ్చింది టీచరమ్మ కోడలు. అమాయకపు పిల్ల. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని వచ్చి కూర్చుంది.

"పతకం ఇంట్లో ఎక్కడుంటుంది?"

"అల్మరా అడుగున, పాత దుప్పట్ల కిందండీ. దొరకడానికి పొద్దంతా పట్టింది. గోడకి తగిలిద్దామని నేను కాపరానికొచ్చినప్పట్నుంచీ పోరుతున్నాను. ఒప్పుకోరు. అంత వినయమండీ మా అత్తయ్యకి!"

"తెస్తున్నట్టు ఆవిడకి తెలుసా?"

"తెలీదండీ. సర్‌ప్రైజ్ కదా."

"బ్రేక్‌లో ఆవిడతో మాట్లాడావా?"

"మంచినీళ్ళిచ్చాను."

"ఏం మాట్లాడావు?"

"ఏం లేదండీ."

"ఏం లేదంటే?"

కోడలు నీళ్ళు నమిలింది. "అంటే... ఆగలేకపోయానండీ. 'అత్తయ్యా, మీ పతకం తెచ్చా, పక్క గదిలో గుడ్డ కింద ఉంది, ఏమీ తెలియనట్టు ఉండండి' అని చెవిలో చెప్పేశాను. బాబాయ్‌గారికి చెప్పకండి, తిడతారు."

"ఆవిడేమన్నారు?"

"ఏమీ అన్లేదు. బాత్రూమ్‌కి వెళ్ళొస్తానన్నారు."

బాత్రూమ్ తలుపు మేకప్ గదిలోంచే. ఇన్‌స్పెక్టర్ ఆ మాట విన్నది, పక్కన పెట్టేసింది. సొమ్ము పోగొట్టుకున్న మనిషిని ఎవరు అనుమానిస్తారు? పైగా ఆ టీచరమ్మ ఊళ్ళో సగం మందికి పాఠాలు చెప్పింది. ఇన్‌స్పెక్టర్ వాళ్ళ అన్నయ్య కూడా ఆవిడ చేతి బెత్తం దెబ్బలు తిన్నవాడే.

హెడ్ కానిస్టేబుల్ ఫిర్యాదు రాసుకొచ్చాడు. "చదివి సంతకం పెట్టండమ్మా," అన్నాడు.

"నువ్వే చదివి వినిపించు నాయనా," అంది టీచరమ్మ.

"కళ్ళజోడు పెట్టుకోండి, చేతిలోనే ఉందిగా."

"ఫర్వాలేదులే, చదువు."

చదివాడు. 'గుర్తు తెలియని వ్యక్తులు దొంగిలించినట్టు' అనే చోట ఆవిడ పెట్టెని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పెన్ను తీసుకుంది కానీ సంతకం పెట్టలేదు. కాస్త నీరసంగా ఉంది, తర్వాత పెడతానంది.

*

"రికార్డింగ్ వెయ్యండి," అంది ఇన్‌స్పెక్టర్. "బ్రేక్ ముందుది. మొదట్నుంచీ."

చిన్న గది. ఒక టీవీ, రెండు కుర్చీలు. యాంకర్ పక్కన కూర్చుని తన షోని తనే మెచ్చుకుంటూ చూస్తున్నాడు.

"ఇందులో కిటుకేం లేదు మేడమ్. నేను అడుగుతాను, వాళ్ళు చెప్తారు. ఎంత తక్కువ మాట్లాడితే నేను అంత గొప్ప యాంకర్‌ని. ఒక్కోసారి అడగను, రెచ్చగొడతాను. ఒక్కోసారి 'అలాగా!' అని ఊరుకుంటాను. ఆ నిశ్శబ్దం భరించలేక వాళ్ళే కక్కేస్తారు."

"మా పనీ అదే లెండి," అంది ఇన్‌స్పెక్టర్.

తెర మీద టీచరమ్మ మహా హుషారుగా ఉంది. చిన్నప్పటి సంగతి అడిగితే చిన్నప్పటిది చెప్పింది. పెళ్ళి సంగతి అడిగితే మొగుడి గురక గురించి చెప్పి అందర్నీ నవ్వించింది. కళ్ళజోడు పెట్టుకుని పాత స్టూడెంట్ రాసిన ఉత్తరం చదివి, అందులో తప్పులు దిద్దింది. యాంకర్ మధ్యలో అడ్డొస్తే, "ఆగు బాబూ, నేను చెప్తున్నానా లేదా?" అని కసిరింది. అడిగిన దానికి ఒకటికి పది చెప్పే మనిషి.

తర్వాత యాంకర్ గొంతు తగ్గించాడు. "టీచర్ గారూ, ఆ రోజు ఏటి ఒడ్డున ఏం జరిగింది?"

"మీకు తెలియందేముంది బాబూ? మీరే చెప్పండి."

ప్రేక్షకులు మురిసిపోయారు. యాంకర్ చెప్పాడు. పడవ తిరగబడింది, పిల్లలు కేకలు వేశారు. టీచరమ్మ, "ఊ," అంది. మీరు వెనకాముందూ చూడకుండా దూకారు. "ఊ." ఒకరి తర్వాత ఒకరిని, ముగ్గుర్ని లాగారు. "ఊ." ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? టీచరమ్మ గ్లాసెత్తి మంచినీళ్ళు తాగింది. తాగుతూనే ఉంది. ఆఖరికి యాంకరే, "అమ్మ మనసు కదా!" అని తన ప్రశ్నకి తనే జవాబు చెప్పుకుని బ్రేక్ ఇచ్చాడు.

"వెనక్కి తిప్పండి," అంది ఇన్‌స్పెక్టర్.

మళ్ళీ చూసింది. ఇంకోసారి చూసింది.

"బాబాయ్‌గారూ, ఈ ముక్కలో యాంకర్ ఎవరు?"

"నేనే కదండీ!"

"ఎక్కడండీ? మీరు చెప్తున్నారు, ఆవిడ ఊ కొడుతోంది. షో అంతా ఆవిడ చెప్పింది, మీరు విన్నారు. ఈ ఒక్క చోటే కుర్చీలు తారుమారయ్యాయి. మొగుడి గురక గురించి అంత చెప్పిన మనిషికి, తను చేసిన గొప్ప పని గురించి ఒక్క వాక్యం లేదా?"

యాంకర్ మళ్ళీ తెర వైపు చూశాడు.

"పళ్ళెం వచ్చాక ఏం చేస్తారు మీరు?"

"వస్తువు చేతికిస్తాం. ఇక నేను ఒక్క మాట కూడా మాట్లాడను. అదే మా షో ప్రత్యేకత. వాళ్ళే పట్టుకుని, వాళ్ళ నోటితో దాని కథ చెప్పాలి." చెప్తూ చెప్తూ ఆయన గొంతు నెమ్మదించింది. "ఈ షో చూసేవాళ్ళందరికీ తెలుసది."

"టీచరమ్మ చూస్తుందా?"

"ఒక్కటి వదలనన్నారు."

సరిగ్గా అప్పుడే హెడ్ కానిస్టేబుల్ తలుపు తోశాడు. చేతిలో కళ్ళజోడు.

"మేడమ్, బాత్రూమ్ కిటికీ గట్టు మీదుంది. ఎవరిదో మర్చిపోయారు."

"ఎవరూ మర్చిపోలేదు," అంది ఇన్‌స్పెక్టర్. "పెట్టెలో చోటు చాలక బయట పెట్టారు."

*

మేకప్ గదిలో టీచరమ్మని కూర్చోబెట్టారు. యాంకర్, కోడలు, హెడ్డు చుట్టూ నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు తీసి ఆవిడ ముందు పెట్టింది.

"ఇది మీదేనా టీచరమ్మా?"

టీచరమ్మ దాన్ని అందుకోలేదు.

"మరి ఆ పెట్టెలో ఏముంది?"

టీచరమ్మ ఆ పెట్టెని గుండెలకి అదుముకుంది. అదే జవాబు.

"అత్తయ్యా!" అంది కోడలు.

"మేకప్ అక్క సంచి బోర్లించాను. మీ చేతిలో పెట్టె మాత్రం చూడలేదు," అంది ఇన్‌స్పెక్టర్. "మీరు పోగొట్టుకున్నవారు కదా. బ్రేక్‌లో కోడలి మాట విని ఈ గదిలోకొచ్చారు. గుడ్డ ఎత్తారు. పతకం మీకు వద్దు, దొంగిలించాలనీ లేదు. అది చేతికొస్తే కథ మీ నోటితో చెప్పాలి. అదే మీవల్ల కాదు. ఎందుకు కాదు టీచరమ్మా? ఆ పిల్లల్ని లాగింది మీరేనా?"

టీచరమ్మ తలెత్తింది.

"ముప్ఫై ఏళ్ళయిందమ్మా," అంది. "అందరూ 'మీరే' అన్నారు. 'మీరేనా' అని అడిగింది మాత్రం నువ్వొక్కదానివే."

మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

"నాకు ఈత రాదు. పడవవాడి పెళ్ళాం దూకింది. మూడుసార్లు. నేను ఒడ్డున నిలబడి అరిచాను, అంతే. ఆఖరి పిల్లని నా చేతికిచ్చి తను ఒడ్డునే కూలబడింది. నేను పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. అప్పుడు ఫొటో తీశాడెవడో. పొద్దున్నే పేపర్లో నా బొమ్మ. అబద్ధం నేను ఆడలేదమ్మా. వాళ్ళు చెప్పారు, నేను ఊ కొట్టాను. సన్మానానికి ఆవిడ కూడా వచ్చింది. వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. ఒక్క మాట అడిగి ఉంటే ఇచ్చేసేదాన్నేమో. అడగలేదు. పోయింది, పదేళ్ళయింది."

ముందు తేరుకున్నది యాంకర్. గొంతు తగ్గించి, "మేడమ్, ఇది ఇక్కడితో కప్పెట్టేద్దాం. పెద్దావిడ. పతకం కుర్చీ సందులో దొరికిందని ప్రేక్షకులకి చెప్పేస్తాను. అందరికీ మర్యాదగా ఉంటుంది," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఆ మాట హాయిగా అనిపించింది. సిగ్గులేకుండా చెప్పాలంటే, తల ఊపడానికి సగం వంచింది కూడా. పతకం దొరుకుతుంది, టీచరమ్మ పరువు నిలుస్తుంది, తను వందమంది ముందు చేసిన పని ఎవరికీ గుర్తుండదు.

"అందరికీ అంటే ఎవరెవరికి బాబాయ్‌గారూ?"

గుమ్మంలో మేకప్ అక్క. ఎప్పట్నుంచి నిలబడిందో!

"కుర్చీ సందులో దొరికిందంటే బయట ఏమనుకుంటారు? 'పోలీసుల్ని చూసి భయపడి అక్కడ పడేసింది' అనుకుంటారు. నా సంచి ఎక్కడ తెరిచారు? స్టేజీ మీద. మూసేది ఈ గదిలోనా? అక్కడే మూయండి."

"అక్కా, కాస్త పెద్ద మనసు..." అన్నాడు యాంకర్.

"నా మనసు నాకున్నంత ఉంది. ముందు నా పని నాకు కావాలి."

టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. అక్క ముందు నిలబడింది కానీ కళ్ళలోకి చూడలేకపోయింది.

"నీ సంచి బోర్లిస్తుంటే ఆపుదామనే అనుకున్నానమ్మా. నోరు రాలేదు. ఇది రెండోసారి నాకు, నా బదులు ఇంకో ఆడది..." యాంకర్ వైపు తిరిగి, "కెమెరాలు పెట్టించు బాబూ. నువ్వేమీ అడగొద్దు. నేనే చెప్తాను," అంది.

వెళ్ళబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "కూర్చోండి. ఏడ్చిన మొహంతో లైట్ల కింద కూర్చోకూడదు."

"వద్దమ్మా. నీ చేత చేయించుకునే అర్హత లేదు నాకు."

"అదంతా నాకు తెలీదు. జిడ్డుగా కనిపిస్తే మాట నాకొస్తుంది. కళ్ళు మూసుకోండి."

దూది తడిపి కన్నీళ్ళు తుడిచింది. పౌడర్ అద్దింది. ఆ చేతులు మెత్తగానే ఉన్నాయి. మొహంలో మాత్రం జాలి లేదు, కోపం లేదు. ఇన్‌స్పెక్టర్ గోడవైపు తిరిగి నిలబడింది.

*

టీచరమ్మ చెప్పింది. పెట్టె తెరిచి పతకం బల్ల మీద పెట్టి, మొదట్నుంచీ చివరిదాకా, ఊ అనే మాట లేకుండా చెప్పింది. పడవవాడి భార్య పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆగిపోయింది. ఆవిడ పేరేమిటో తనెప్పుడూ అడగలేదట. అది కూడా చెప్పింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇందాక కళ్ళొత్తుకున్నావిడ ఇప్పుడు మొహం పక్కకి తిప్పుకుంది. కోడలు మాత్రం స్టేజీ ఎక్కి అత్తగారి భుజం పట్టుకుని దింపింది.

యాంకర్ కెమెరా వైపు తిరిగాడు. అలవాటైన చిరునవ్వు వెతుక్కుంటున్నాడు. షో ముగించబోతున్నాడని అర్థమై ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కింది.

"ఆగండి. నేనూ ఒకటి చెప్పాలి."

"కూర్చోండి మేడమ్," అన్నాడు యాంకర్. నోరు ఊరుకోదు కదా. "ఈ కేసు మీకెలా..."

"ఏమీ అడక్కండి."

అతిథి కుర్చీ ముందు నిలబడింది. కూర్చోలేదు. మేకప్ అక్క మూడో కెమెరా పక్కన స్పాంజీ పట్టుకుని ఉంది. ఆవిడ్ని చూస్తూ చెప్పడం చాలా కష్టమైంది, అయినా చూస్తూనే చెప్పింది.

"ఆవిడ దొంగతనం చెయ్యలేదు. మీ అందరి ముందూ ఆవిడ సంచి బోర్లించింది నేను. బ్రేక్‌లో ఆవిడెక్కడుందని అడిగి ఉంటే, సంచి ముట్టుకునే పనే ఉండేది కాదు. అడగలేదు. రూల్ ప్రకారం చేశానని ఇందాకట్నుంచి నాకు నేను చెప్పుకుంటున్నాను. ఏ రూలూ లేదు. ఇక్కడున్న వాళ్ళందరిలోకీ ఆవిడ చెప్పులు పాతవి. అందుకే ఆవిడ్ని పట్టుకున్నాను. నువ్వు అని కూడా పిలిచాను. నాకన్నా పెద్దవారు. తప్పు నాది. నన్ను క్షమించండి అక్కా."

వరసల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఇందాక కిసుక్కుమన్న మనిషెవరో గానీ, ఇప్పుడు అందరి తలలూ వంగే ఉన్నాయి. యాంకర్ కెమెరా వైపు చూడకుండా, "అక్కా, రేపు ఎప్పట్లాగే వచ్చెయ్... వచ్చెయ్యండి," అన్నాడు.

"వస్తాను," అంది అక్క ఆయనతో.

తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. ఫర్వాలేదనలేదు. క్షమించాననలేదు.

"విన్నాను," అంది.

ఇన్‌స్పెక్టర్ ఇంకో మాట కోసం కాసేపు అలాగే నిలబడింది. రాలేదు. అక్క అప్పటికే స్పాంజీ పిండి, యాంకర్ నుదుటి మీద చెమట అద్దడానికి మెట్లెక్కుతోంది. ఇన్‌స్పెక్టర్ పక్కకి జరిగి ఆవిడకి దారి ఇచ్చింది.